350 అంటే ఏ 350? పాత అమెరికన్ కార్లలో ఇంజిన్‌ను గుర్తుపట్టడం, మార్చడం

1977లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ డెల్టా 88 కొన్నవాళ్లలో కొందరికి బానెట్ కింద ఉన్నది ఓల్డ్స్‌మొబైల్ ఇంజిన్ కాదని తెలిసింది. ఓల్డ్స్‌మొబైల్ 1949 నుంచి ‘రాకెట్’ పేరుతో తన వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ గురించి గొప్పగా చెప్పుకుంటూ వచ్చిన బ్రాండ్. ఆ పేరు చూసే జనం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి కొనేవారు. తీరా సర్వీసింగ్‌కి వెళితే ఓల్డ్స్‌మొబైల్ ఇంజిన్ కోసం చేసిన సామాన్లు పట్టలేదు. లోపల ఉన్నది షెవర్లే 350. రెండు బ్రాండ్లూ జనరల్ మోటార్స్‌వే. రెండు ఇంజిన్లూ 350 క్యూబిక్ అంగుళాలవే, అంటే మన లెక్కలో 5.7 లీటర్లు. అయినా రెండూ వేర్వేరు ఇంజిన్లు. చాలా రాష్ట్రాల్లో కేసులు పడ్డాయి. చివరికి కంపెనీ కొనుగోలుదారులకు 200 డాలర్ల చొప్పున, దానితోపాటు అదనపు వారంటీ ఇస్తామని రాజీకి వచ్చింది. మా కార్లలోని ఇంజిన్లు జనరల్ మోటార్స్‌లోని వేర్వేరు విభాగాల్లో తయారైనవి అని ప్రకటనల్లో చెప్పడం ఆ తర్వాతే మొదలైంది.

షోరూమ్ నుంచి కొత్త బండి తెచ్చుకున్నవాళ్ల పరిస్థితే అలా ఉంటే, యాభై ఏళ్లలో పది చేతులు మారిన కారు సంగతి వేరే చెప్పాలా? ఆ రోజుల్లో బానెట్ కింద ఇంజిన్ చుట్టూ చెయ్యి దూర్చడానికి కావలసినంత ఖాళీ ఉండేది. ఇంజిన్ అరిగిపోతే తుక్కు యార్డు నుంచి ఇంకోటి తెచ్చి ఇంటి గ్యారేజీలోనే బిగించుకునేవారు. అందుకే ఇవాళ పక్క రేకు మీద 327 అని బ్యాడ్జి ఉన్న 1968 షెవర్లేలో, 1978 నాటి 305 ఇంజిన్ కనిపించినా వింత లేదు. అమ్మేవాడు మోసం చేస్తున్నాడని కూడా అనుకోనక్కర్లేదు. తనకు అమ్మినవాడు చెప్పిందే అతనూ చెబుతున్నాడు.

ఇంజిన్ మీద నంబర్లకు కొదవ లేదు. ఫ్యాక్టరీ కారుకి ఇచ్చిన నంబరు ఒకటి (మనం ఇక్కడ కారు నంబరు అనేది దీన్నే, రిజిస్ట్రేషన్ నంబరును కాదు), బ్లాక్‌తోపాటే, అంటే సిలిండర్లుండే ఇనప దిమ్మెతోపాటే, పోతపోసినది ఒకటి, పోత తేదీ ఒకటి, తయారయ్యాక పంచ్ కొట్టినది ఒకటి. గందరగోళం అంతా ఒక నంబరును పట్టుకుని ఇంకో నంబరు చెప్పాల్సిన జవాబు అడగడం వల్ల వస్తుంది. పోత నంబరు చూసి ‘ఇది ఈ కారుతో పుట్టిన ఇంజినే’ అనేవాళ్లను, కారు నంబరు చూసి ‘ఇందులో 289 ఇంజిన్ ఉంది’ అనేవాళ్లను చాలామందిని చూశాను. మొదటిదాని నుంచి ఆ మాట చెప్పలేం. రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు సంగతి, ఇవాళ్టి సంగతి కాదు.

ముందు 350ల లెక్క తేల్చుకుందాం. 1970ల్లో జనరల్ మోటార్స్‌లో 350 అనే పేరుతో నాలుగు వేర్వేరు వి8 ఇంజిన్లు ఉండేవి. షెవర్లే 350కి బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48 అంగుళాలు. బ్యూయిక్ 350కి బోర్ 3.80, స్ట్రోక్ 3.85. ఓల్డ్స్‌మొబైల్‌కి 4.057, 3.385. పాంటియాక్‌కి 3.875, 3.75. సిలిండర్ వెడల్పు, పిస్టన్ కదిలే దూరం ఇంతింత తేడాగా ఉన్నా గుణిస్తే అన్నీ 350 దగ్గరికే వస్తాయి. లెక్క సులువే: బోర్‌ని బోర్‌తో గుణించి, 0.7854తో, స్ట్రోక్‌తో, సిలిండర్ల సంఖ్యతో గుణించాలి. షెవర్లేకి వేసి చూడండి, 349.8 వస్తుంది. పిస్టన్లు, హెడ్లు (సిలిండర్ల మీద బిగించే పైభాగాలు), మానిఫోల్డులు (గాలి, పొగ వెళ్లే గొట్టాల అమరిక) ఒకదానివి ఇంకోదానికి పట్టవు. గేర్‌బాక్స్ బిగించే బోల్టుల వరస కూడా షెవర్లేది ఒక తీరు, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్‌లది మరో తీరు. ఇంకో తికమక ఏంటంటే ఆ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకదాని పేరు కూడా టర్బో 350. ‘350 ఉంది’ అని ఎవరైనా అమ్మజూపితే అది ఇంజినా, గేర్‌బాక్సా, ఎవరి 350 అని అడగాల్సిందే.

పానా పట్టకుండానే సగం తేలిపోతుంది

బానెట్ ఎత్తగానే డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం, ఎక్కడుందో చూడాలి. ఫోర్డ్ వి8 అయితే ముందు, రేడియేటర్ వైపు ఉంటుంది. షెవర్లే అయితే వెనక, కారు లోపలి భాగాన్ని వేరుచేసే గోడకు ఆనుకుని. బ్యూయిక్‌కి ముందు. ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్‌లకు వెనకే. అయితే ఓల్డ్స్‌మొబైల్‌కి ఇంజిన్ ఆయిల్ పోసే గొట్టం ముందు భాగంలో నిలువుగా లేచి ఉంటుంది. పాంటియాక్‌కి ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద విడిగా ఒక రేకు మూత కనిపిస్తుంది. క్రైస్లర్‌లో చిన్న వి8లకు వెనక, పెద్ద వి8లకు ముందు. ట్యాపెట్ కవర్ల (హెడ్ల పైన ఉండే మూతల) మధ్యలోంచే స్పార్క్ ప్లగ్‌లు దిగుతుంటే అది క్రైస్లర్ పేరున్న ఇంజిన్ హెమీ. దానికి వేరే రుజువు అక్కర్లేదు.

తర్వాత ట్యాపెట్ కవర్ల బోల్టులు లెక్కపెట్టాలి. షెవర్లే చిన్న వి8 అయిన స్మాల్ బ్లాక్‌కి నాలుగు, పెద్ద వి8 అయిన బిగ్ బ్లాక్‌కి ఏడు. స్మాల్ బ్లాక్‌లోనే బోల్టులు కవర్ అంచుల్లో ఉంటే 1986 దాకా వచ్చిన హెడ్లు, మధ్య గీత వెంట ఉంటే 1987 నుంచి వచ్చినవి. హెడ్లు మార్చి ఉండొచ్చు కాబట్టి ఇది బ్లాక్ వయసు చెప్పదు. అయినా 1970 నాటి అసలు ఇంజిన్ అని చెబుతున్న దానికి మధ్య బోల్టుల కవర్లు ఉంటే మాత్రం అక్కడితో ఆ మాట తేలిపోయినట్టే.

రంగును మాత్రం నమ్మొద్దు. షెవర్లేకి నారింజ, ఫోర్డ్‌కి నీలం, పాంటియాక్‌కి లేత నీలం అని చెప్పే మాటలు నిజమే. కానీ ఆ రంగు డబ్బాలు ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతాయి. బ్యాడ్జిని అంతకన్నా నమ్మొద్దు, ఎందుకంటే ఫ్యాక్టరీనే ఒకోసారి తప్పుగా తగిలించింది. 1970 నుంచి షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 పేరుతో అమ్మిన కార్లలో ఉన్నది 402 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. 396 పేరుకు గిరాకీ ఉందని దాన్నే ఉంచేశారు. అదే 402ను మరికొన్ని షెవర్లే కార్లలో ‘టర్బో-జెట్ 400’ అన్నారు. అదే ఏడాది 400 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ కూడా వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం, 400 అనే పేరు, రెండు వేర్వేరు ఇంజిన్లు.

ఒక షెవర్లే బ్లాక్‌ను దగ్గరగా చూద్దాం

షెవర్లే స్మాల్ బ్లాక్ 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైంది. 1957లో 283, 1962లో 327, 1967లో 350, 1976లో 305. ఇవన్నీ బయటికి ఒకేలా ఉంటాయి. రెండు పక్క సిలిండర్ల నడిమి దూరం అన్నిట్లోనూ 4.4 అంగుళాలే. పాత అమెరికన్ కార్లలో ఎక్కువగా దొరికేదీ, ఎక్కువమంది పొరబడేదీ ఈ ఇంజినే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

పోత నంబరు బ్లాక్ వెనక అంచున, గేర్‌బాక్స్ బిగించే చోట, డ్రైవర్ వైపు ఉంటుంది. అమెరికా కార్లలో అది ఎడమ పక్క. దాని మీద యాభై ఏళ్ల ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడి ఉంటాయి. డీగ్రీజర్ కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, సుద్దముక్క రాస్తే అంకెలు పైకి తేలతాయి. చెయ్యి పట్టకపోతే ఫోన్ కెమెరా లోపలికి పెట్టి ఫొటో తీసుకోవచ్చు. ఎక్కువగా కనిపించే నంబరు 3970010. దాన్ని అందరూ ‘010 బ్లాక్’ అంటారు. 1969 నుంచి 1979 దాకా లెక్కలేనన్ని 350లు దీనితో వచ్చాయి. అయితే 1969లో ఇదే పోత నుంచి 302, 327 ఇంజిన్లు కూడా తయారయ్యాయి. మూడింటికీ బోర్ 4 అంగుళాలే. తేడా అంతా లోపల పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్‌లో ఉంది. 302కి స్ట్రోక్ 3 అంగుళాలు, 327కి 3.25, 350కి 3.48. అంటే పోత నంబరు చెప్పేది ఖాళీ బ్లాక్ గురించి. అందులో ఏం బిగించారో దానికి తెలియదు.

ఈ 010 గురించి బలంగా ప్రచారంలో ఉన్న ఇంకో మాట, అది ఉంటే నాలుగు బోల్టుల మెయిన్ క్యాపులు (క్రాంక్‌ను కింద నుంచి పట్టి ఉంచే బిళ్లలు) ఉన్న గట్టి బ్లాక్ అని. ఇది నిజం కాదు. రెండు బోల్టులవీ, నాలుగు బోల్టులవీ ఒకే నంబరుతో వచ్చాయి. కింద ఆయిల్ ఛాంబర్ విప్పి చూస్తే తప్ప తేలదు. ఆ మాట నమ్మి అదనంగా డబ్బు పెట్టకండి.

పోత తేదీ అదే వెనక అంచున, ఎక్కువగా ప్యాసింజర్ వైపు ఉంటుంది. ‘సి 14 9’ అని ఉందనుకుందాం. మొదటి అక్షరం నెల. ఎ అంటే జనవరి, సి అంటే మార్చి. తర్వాత తేదీ, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. మార్చి 14, 9తో ముగిసే ఏడాది. ఏ 9? 1969 కావచ్చు, 1979 కావచ్చు. 010 పోత రెండు ఏళ్లలోనూ ఉంది. ఈ ఒక్క అంకె మీద ఆధారపడి 1979 ట్రక్కు ఇంజిన్‌ను 1969 నాటి షెవర్లే స్పోర్ట్స్ కారు కామరో ఇంజిన్‌గా చెప్పుకోవడం తేలిక. ధరలో తేడా వేల డాలర్లు.

దీన్ని విప్పేది పంచింగ్ నంబరు. ఇంజిన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్‌కి ముందు, బ్లాక్ పైతలంలో చిన్న చదును చోటు ఉంటుంది. చాలా బళ్లలో ఆల్టర్నేటర్ సరిగ్గా దాని మీదికే వస్తుంది. అక్కడ ‘వి 0401’, తర్వాత రెండు మూడు అక్షరాలు ఉన్నాయనుకుందాం. వి అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఫ్యాక్టరీ. 0401 అంటే ఏప్రిల్ 1. ఇంజిన్ బిగింపు పూర్తయిన రోజు అది. చివరి అక్షరాలు ఆ ఇంజిన్‌ను ఏ కారుకి, ఏ గేర్‌బాక్స్‌కి, ఎంత పవర్‌కి ఉద్దేశించారో చెబుతాయి. ఇక్కడా ఒక జాగ్రత్త. అవే అక్షరాలను కంపెనీ వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు ఇంజిన్లకు వాడింది. పోత తేదీతో కలిపి చదివితేనే వాటికి అర్థం. 1968 మోడల్ నుంచి కారు నంబరులోని కొంత భాగాన్ని కూడా ఇంజిన్ మీద పంచ్ కొట్టారు. అది డాష్‌బోర్డు మీది నంబరుతో కలిస్తేనే ఇంజిన్ ఆ కారుతో పుట్టిందని అనాలి.

తేదీల వరస కూడా కుదరాలి. ముందు బ్లాక్ పోత, తర్వాత ఇంజిన్ బిగింపు, ఆ తర్వాత కారు తయారీ. కారు బాడీ ప్లేటు మీద 04బి అని ఉంటే ఏప్రిల్ రెండో వారం. మార్చి 14న పోసిన బ్లాక్, ఏప్రిల్ 1న పూర్తయిన ఇంజిన్, ఏప్రిల్ రెండో వారంలో కారు అంటే నమ్మదగ్గ వరసే. అదే బ్లాక్ పోత తేదీ మే నెలలో ఉంటే, ఎన్ని నంబర్లు కలిసినా ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టినది కాదు.

నంబర్లు కలిసిన కారుకి ధర ఎక్కువ కాబట్టి దొంగ పంచింగ్ కూడా ఎక్కువే. ఫ్యాక్టరీలో ఆ తలాన్ని నున్నగా చేసే యంత్రం బ్లాక్ పొడవునా సన్నటి సమాంతర గీతలు వదిలేది. టార్చి ఏటవాలుగా వేస్తే కనిపిస్తాయి. ఆ గీతలు లేకుండా, గ్రైండర్ తిప్పిన వంకర చారలు ఉండి, వాటి మీద అంకెలు మెరుస్తుంటే అనుమానించాలి. ఇంజిన్‌ను రిపేర్ చేసేటప్పుడు పైతలాన్ని మిషన్ మీద చదును చేస్తే నిజమైన నంబరు కూడా చెరిగిపోవచ్చు. కాబట్టి గీతలు లేనంత మాత్రాన దొంగ పంచింగ్ అనలేం. రుజువు పోయిందని మాత్రం అనొచ్చు. దానికి తగ్గ ధరే ఇవ్వాలి.

కారు నంబరు విషయానికొస్తే, 17 అక్షరాల పద్ధతి అన్ని కంపెనీలకూ 1981 మోడల్ నుంచే వచ్చింది. జనరల్ మోటార్స్‌లో అప్పటి నుంచి ఎనిమిదో అక్షరం ఇంజిన్‌ది, 1972 నుంచి 1980 దాకా అయిదోది. అంతకుముందు షెవర్లేలలో ఆరు సిలిండర్లా, ఎనిమిదా అన్నంత వరకే తెలుస్తుంది. ఫోర్డ్ మాత్రం ముందునుంచే వివరంగా రాసింది. 1965 మస్టాంగ్ మీద ‘5ఆర్07సి’ అని మొదలైతే, 1965 మోడల్, శాన్ హోసే ఫ్యాక్టరీ, కూపే, 289 వి8 అని. సి బదులు టి ఉంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లది. కె ఉంటే 271 హార్స్‌పవర్ 289. అందరూ వెతికేది అదే.

నంబర్లు చేతులెత్తేసినప్పుడు

ఫోర్డ్‌లో పోత నంబర్లు మరో రకం తికమక. ‘సి5ఎఇ-6015-ఇ’ అని ఉంటే సి అంటే 1960ల దశకం, 5 అంటే 1965, ఎ అంటే పెద్ద కార్ల విభాగం, 6015 అంటే బ్లాక్. ఇది ఆ భాగం డిజైన్ అయిన సంవత్సరం. పోత పోసింది ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు. తేదీ కోసం విడిగా ‘5సి14’ లాంటి అచ్చు వెతకాలి. ఇందులో సంవత్సరం ముందుంటుంది, షెవర్లేకి తలకిందులుగా.

ఫోర్డ్‌లోనూ ఒకే పేరుతో కవలల్లాంటి ఇంజిన్లున్నాయి. 351 విండ్సర్, 351 క్లీవ్‌లాండ్ రెండింటికీ బోర్ 4, స్ట్రోక్ 3.50. హెడ్లు, మానిఫోల్డులు వేరు. విండ్సర్‌కి ట్యాపెట్ కవర్ బోల్టులు ఆరు, రేడియేటర్ పైపు మానిఫోల్డ్ నుంచి ముందుకి వస్తుంది. క్లీవ్‌లాండ్‌కి బోల్టులు ఎనిమిది, పైపు బ్లాక్ నుంచే పైకి లేస్తుంది. ఇది చూసి చెప్పొచ్చు. కానీ 1968 నుంచి 1976 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 360, 390 మాత్రం బయటికి అచ్చు ఒకటే. 360 ఇంజిన్‌ను 390 అని అమ్మడం ఇప్పటికీ జరుగుతోంది.

ఇక్కడ పనికొచ్చేది పాత మెకానిక్ పద్ధతి. స్పార్క్ ప్లగ్‌లన్నీ విప్పి, ఒక సిలిండర్‌లోకి సన్నటి మెత్తని పుల్ల దించి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ పిస్టన్ అన్నిటికన్నా పైకి, అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు పుల్ల మీద గుర్తులు పెట్టాలి. ఆ గుర్తుల మధ్య దూరమే స్ట్రోక్. 360కి 3.50, 390కి 3.78. ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినా పావు అంగుళం తేడాను పట్టుకోవచ్చు. పుల్ల గట్టిదైతే విరిగి లోపల ఇరుక్కుంటుంది, జాగ్రత్త. ఇదే పద్ధతిని షెవర్లే 305, 350ల మీద వాడితే మాత్రం ఏమీ తేలదు. రెండింటికీ స్ట్రోక్ 3.48. తేడా బోర్‌లో ఉంది, 305కి 3.736 అంగుళాలు. హెడ్ విప్పాలి, లేదా పోత నంబరు చూడాలి.

క్రైస్లర్ ఈ విషయంలో దయ చూపింది. 318, 340, 360 అని బ్లాక్ పక్కనే పోతలో అంకె వేసింది. 

బిగించడం మొదలుపెడితే

ఇంజిన్ ఏదో తేలాకే మార్పిడి మాట. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మార్పిడిలో ఇంజిన్ కొనడం చిన్న ఖర్చు, దాని చుట్టూ ఉన్నదాన్ని కుదర్చడం పెద్ద ఖర్చు. మొదటిసారి చేసేవాళ్లు ఈ లెక్కను తలకిందులుగా వేసుకుంటారు. సగం పనిలో ఆగిపోయి అమ్మకానికి వచ్చే కార్లు చాలావరకు అలాంటివే.

1965 మస్టాంగ్‌ను తీసుకోండి. ఆరు సిలిండర్ల కారులో వి8 పెట్టాలంటే ఫోర్డ్ 302 కొలతకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి చక్రానికి నాలుగే బోల్టులు, వెనక యాక్సిల్ గేరు 7.25 అంగుళాలది, బ్రేకు డ్రమ్ములు కూడా చిన్నవి. వి8 కార్లకు ఫ్యాక్టరీనే అయిదు బోల్టుల చక్రాలు, 8 అంగుళాల యాక్సిల్, పెద్ద బ్రేకులు ఇచ్చింది. ఇంజిన్ ఒక్కటే మార్చి వదిలేస్తే, బండి వేగం పెరిగి ఆగే శక్తి మాత్రం అలాగే ఉండిపోతుంది. ప్రాణాల మీదికి తెచ్చుకునే పని అది. మీకు ఎవరైనా వి8 మస్టాంగ్ చూపిస్తే ముందు చక్రం బోల్టులు లెక్కపెట్టండి. నాలుగే ఉంటే ఆ కారులో ఇంకా ఏమేం వదిలేశారో వెతకాలి.

అదే కారులోకి 1987-93 మస్టాంగ్‌లోని 5.0 ఇంజిన్ తెస్తే ఇంకో మూడు విషయాలు చూసుకోవాలి. పేరు మారినా అది 302నే. కానీ ఆయిల్ ఛాంబర్ ఆకారం వేరు, పాత కారు అడుగున ఉన్న అడ్డకమ్మీకి తగులుతుంది. ముందు భాగంలో గుంత ఉన్న ఛాంబర్, దానికి తగ్గ ఆయిల్ పికప్ వేయాలి. రెండోది బ్యాలెన్స్. క్రాంక్ వెనక బిగించే బరువైన చక్రం ఫ్లైవీల్. పాత 302ల ఫ్లైవీల్‌లో ఒక పక్కకు కావాలని ఉంచిన బరువు తేడా 28 ఔన్స్-అంగుళాలు, 1980ల మొదట్లో నుంచి వచ్చినవాటికి 50 ఔన్స్-అంగుళాలు. పాత ఫ్లైవీల్ కొత్త ఇంజిన్‌కి బోల్టులతో చక్కగా బిగుస్తుంది. స్టార్ట్ చేశాక వణుకు మొదలవుతుంది, ఎవరూ గమనించకపోతే బేరింగులు పోతాయి. మూడోది డిస్ట్రిబ్యూటర్ గేరు. ఈ 5.0లో లాగా రోలర్ క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసులో కొత్త రకం) ఉన్న ఇంజిన్‌లో పాత ఇనప గేరు ఉన్న డిస్ట్రిబ్యూటర్ పెడితే పళ్లు అరిగిపోతాయి. స్టీలు గేరు కావాలి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు అంటుకునే వరస, కూడా మారింది, ప్లగ్ వైర్లు పాత వరసలో పెడితే బండి సరిగ్గా నడవదు.

షెవర్లే వైపు ఇవాళ ఎక్కువగా జరిగేది ఎల్ఎస్ మార్పిడి, అంటే కంపెనీ కొత్త తరం వి8ను పాత కారులో పెట్టడం. 1997లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో ఎల్ఎస్1 వచ్చింది, 5.7 లీటర్లు. అదే కుటుంబం ఇంజిన్లను 1999 నుంచి ట్రక్కుల్లో 4.8, 5.3, 6.0 లీటర్లలో పెట్టారు. ట్రక్కులు లక్షల్లో అమ్ముడుపోయాయి కాబట్టి తుక్కు యార్డుల్లో ఇవి విరివిగా దొరుకుతాయి. మొదటి 5.3 ఇంజిన్లకు కంపెనీ చెప్పిన పవర్ 270 హార్స్‌పవర్. 1970 నాటి 300 హార్స్‌పవర్ ముందు ఇది చిన్నదనిపించొచ్చు. 1971 దాకా కంపెనీలు ఇంజిన్‌ను విడిగా, ఫ్యాను, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచి ఆ అంకె చెప్పేవి. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజిన్‌కి 1971లో 330 అని చెప్పి, 1972లో 255 అన్నారు. ఇంజిన్ దాదాపు అదే. కాబట్టి ట్రక్కు 5.3 పాత వి8ల్లో చాలావాటికన్నా నిజంగా బలమైనదే.

కొనేటప్పుడు 4.8, 5.3 తేడా జాగ్రత్త. రెండింటికీ బ్లాక్ ఒకటే, దాని మీద రెండు అంకెలూ పోతపోసి ఉంటాయి. ఇంజిన్ ట్రక్కులోనే ఉంటే కారు నంబరు ఎనిమిదో అక్షరం చూడండి. మొదటి తరం ట్రక్కుల్లో వి అంటే 4.8, టి అంటే మామూలు 5.3, యు అంటే 6.0. విడిగా అమ్ముతుంటే పుల్ల పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. 4.8కి స్ట్రోక్ 3.27 అంగుళాలు, 5.3కి 3.62.

ఎల్ఎస్ గేర్‌బాక్స్ బోల్టుల వరస చాలావరకు పాత షెవర్లేదే కావడం పెద్ద వెసులుబాటు. అయితే క్రాంక్ వెనక అంచు పాతదానికన్నా 0.4 అంగుళం లోపలికి ఉంటుంది. పాత టర్బో 350 గేర్‌బాక్స్ తగిలించాలంటే మధ్యలో స్పేసర్, తగిన ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్ బళ్లలో ఫ్లైవీల్ బదులు ఉండే పలక) పెట్టాలి. స్పేసర్ లేకుండా బలవంతంగా బిగిస్తే గేర్‌బాక్స్ పంపు పాడవుతుంది. ట్రక్కు ఆయిల్ ఛాంబర్ లోతుగా ఉండి కారు అడుగుకి తగులుతుంది. ట్రక్కు ఏసీ కంప్రెసర్ కింద పక్కకు పొడుచుకొచ్చి ఛాసిస్‌కి కొట్టుకుంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎత్తు వల్ల కొన్ని కార్లలో బానెట్ మూతపడదు. ఇవన్నీ కార్ల కోసం చేసిన భాగాలతో మార్చుకోవాలి. డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే.

పెట్రోల్ సరఫరా మొత్తం మారుతుంది. కార్బ్యురేటర్‌కి 5 నుంచి 7 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి చాలు. ఎల్ఎస్ ఇంజెక్టర్లకు 58 పిఎస్ఐ కావాలి. పాత రబ్బరు పైపులు ఆ ఒత్తిడికి పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతాయి. పైపులు, పంపు, ట్యాంకు లోపలి ఏర్పాటు అన్నీ మార్చాల్సిందే. 1999 నుంచి వచ్చిన కార్వెట్ ఫిల్టర్‌లోనే ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటుంది. అది వాడితే పని తేలికవుతుంది.

చిన్నవిగా కనిపించే రెండు విషయాలు చాలామందిని సతాయిస్తాయి. ఎల్ఎస్ హెడ్ల పైన, మూలల్లో, గాలి బయటికి పోయే సన్నటి గొట్టం ఉంటుంది. దాన్ని మూసేస్తే హెడ్‌లో గాలి బుడగ చిక్కుకుంటుంది. మీటర్‌లో టెంపరేచర్ మామూలుగానే ఉన్నా లోపల ఒక మూల కాలిపోతూ ఉంటుంది. ఆ గొట్టాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి. రెండోది ఆర్‌పీఎం మీటర్. ఎల్ఎస్ కంప్యూటర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లా సిగ్నల్ పంపుతుంది. పాత వి8 మీటర్ దాన్ని సగానికి సగం తక్కువ చూపిస్తుంది. ఇంజిన్‌లో తప్పేమీ లేదు, టెన్షన్ పడి విప్పొద్దు. కంప్యూటర్ సెట్టింగ్ మార్చినా, అడాప్టర్ పెట్టినా సరిపోతుంది. దొంగతనం నుంచి కాపాడే లాక్‌ను కూడా కంప్యూటర్‌లో తీసేయించాలి. లేకపోతే ఇంజిన్ అంటుకున్నట్టే అంటుకుని ఆగిపోతుంది.

కాగితాల సంగతి

మన దేశంలో ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఉంటాయి. ఇంజిన్ మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి తీసుకోవాలి. ఒకప్పుడు ఇక్కడ ప్లిమత్, డాడ్జ్, షెవర్లే లాంటి పెద్ద కార్లకు పెట్రోల్ పోయలేక డీజిల్ ఇంజిన్లు బిగించుకున్నారు. అలాంటి బండి కొనేవాళ్లు ముందు ఆ మార్పు ఆర్‌సీలోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కారు కాగితాలు కారు నంబరు మీదే నడుస్తాయి, ఇంజిన్ నంబరు ప్రసక్తి ఉండదు. అంతమాత్రాన ఏదైనా పెట్టుకోవచ్చని కాదు. కాలుష్య చట్టం ఉంది.

అక్కడి మనవాళ్లలో ఎక్కువమంది ఉన్న రాష్ట్రాల్లో కాలిఫోర్నియా ఒకటి, నియమాలు కఠినంగా ఉన్నదీ అక్కడే. 1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ కార్లకు స్మాగ్ పరీక్ష (కాలుష్య పరీక్ష) లేదు. 1976 నుంచి వచ్చిన కారులో ఇంజిన్ మారిస్తే, పెట్టే ఇంజిన్ కారు మోడల్ సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ సామాన్లు, క్యాటలిటిక్ కన్వర్టర్‌తో సహా, అన్నీ తగిలించాలి. కారుకున్న ప్రమాణం కన్నా సడలింపు ఉన్న ట్రక్కు ఇంజిన్ పెట్టకూడదు. చివర్లో స్మాగ్ రెఫరీ అనే ప్రత్యేక పరీక్షకుడు తనిఖీ చేసి లేబుల్ అంటిస్తాడు. 1978 కామరో కొని, తర్వాత ఈ నియమాలు చదివేకన్నా 1974ది వెతుక్కోవడం మేలు. రెండూ ఒకే తరం కార్లు.

కారులోంచి తీసిన ఇంజిన్ ఆ కారుతో పుట్టినదైతే దయచేసి తుక్కుకి వేయకండి. అది అరిగిపోయినా, పగిలినా ఆ కారుకి మరో బ్లాక్ అదే నంబరుతో దొరకదు. అడ్డకమ్మీలు, ఛాసిస్ కోయకుండా బోల్టులతో బిగిసే మౌంటింగ్‌లు వాడితే రేపు కారు కొన్నవాళ్లు దాన్ని తిరిగి పెట్టుకోగలుగుతారు. విప్పకముందే పోత నంబరు, పోత తేదీ, పంచింగ్ నంబరు మూడింటికీ ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీయండి. నీళ్లు పూర్తిగా వంపేసి, ప్లగ్ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి క్రాంక్‌ను చేత్తో తిప్పండి. ప్లగ్‌లు తిరిగి బిగించి, కార్బ్యురేటర్ నోరు, ఎగ్జాస్ట్ నోళ్లు మూసి, పంచింగ్ నంబరు ఉన్న చోట గ్రీజు రాసి స్టాండు మీద పెట్టండి. దానికి వేలాడదీసే కాగితం మీద కారు నంబరు రాయండి.